గుడారం దిగి స్టేజీ ఎక్కిన సర్కస్

పెద్ద నగరాల్లోని నృత్య థియేటర్ల సీజన్ ప్రోగ్రామ్ తిరగేస్తుంటే ఈమధ్య ఒక తికమక ఎదురవుతుంది. బాలే, ఆధునిక నృత్యం ఉన్న పేజీలోనే ‘సమకాలీన సర్కస్’ కూడా కనిపిస్తుంది. పారిస్‌లోని షైయో జాతీయ నృత్య థియేటర్‌కి 2021లో డైరెక్టర్ అయిన రషీద్ ఉరామ్‌దాన్ నృత్య దర్శకుడే. కానీ ఆయన ప్రదర్శనల్లో ఎత్తున కట్టిన తాడు మీద నడిచే మనిషి, గోడలెక్కే క్లైంబర్, అక్రోబాట్లు ఉంటారు. సింహాలు లేవు, ఎర్ర ముక్కు జోకర్ లేడు, మైకు పట్టుకుని ‘ఇప్పుడు మీ ముందుకు’ అనే రింగ్‌మాస్టర్ లేడు. చూసి బయటికొచ్చిన వాళ్ళలో కొందరు డాన్స్ చూశామంటారు, కొందరు సర్కస్ చూశామంటారు. ఇద్దరి మాటా నిజమే.

రెండింటినీ కలిపేశారు, అంతే కదా అనుకుంటే అసలు సంగతి చేజారుతుంది. ఈ రెండు కళలకీ మధ్య ఒక గట్టి పేచీ ఉంది. అది కాలం గురించి. నర్తకి చెయ్యి పైకెత్తడానికి రెండు క్షణాలు తీసుకోవచ్చు, ఇరవై క్షణాలు తీసుకోవచ్చు. అది ఆమె ఇష్టం. గాల్లోకి ఎగిరిన అక్రోబాట్‌కి ఆ స్వేచ్ఛ లేదు. ఎప్పుడు కిందికి రావాలో భూమే చెబుతుంది. ఈ పేచీ ఎలా మొదలైంది, థియేటర్ భవనం దాన్ని ఎలా పెంచింది, కళాకారులు దానికి ఏ దారులు వెతుక్కున్నారు అన్నది చూస్తే ఈ ప్రదర్శనలు ఎందుకలా ఉంటాయో తేలిగ్గా అర్థమవుతుంది.

గుర్రం గీసిన గుండ్రం

ఆధునిక సర్కస్ పుట్టుక 1768లో లండన్‌లో. ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ అశ్వికదళ సైనికుడు గుర్రపు స్వారీ విద్యలు చూపించడం మొదలుపెట్టాడు. గుర్రం గుండ్రంగా దౌడు తీస్తుంటే లోపలికి వాలుతుంది. దాని వీపు మీద నిలబడ్డ మనిషిని బయటికి నెట్టే బలం, ఆ లోపలి వాలు ఒకదానికొకటి సరిపోయి నిలదొక్కుకోవడం సులువవుతుంది. ఆ గుండ్రం వ్యాసం చివరికి 42 అడుగుల దగ్గర, అంటే సుమారు 13 మీటర్ల దగ్గర స్థిరపడింది. ప్రపంచమంతా సర్కస్ రింగ్‌కి ఇప్పటికీ అదే కొలత.

అంటే రింగ్ అనేది గుర్రం అవసరం కోసం వచ్చింది. చుట్టూ జనం కూర్చోవడం, వెనక వైపంటూ లేకపోవడం, తెర లేకపోవడం, అన్నీ దాని వెంట వచ్చినవే. గారడీవాళ్ళు, పల్టీలు కొట్టేవాళ్ళు, బఫూన్లు మొదట్లో ఒక గుర్రం ఆటకీ ఇంకో గుర్రం ఆటకీ మధ్య ఖాళీ నింపడానికి వచ్చారు. అందుకే పాత సర్కస్ అంతా విడివిడి ఐటమ్‌ల వరుస. ఒక్కో ఐటమ్ కొన్ని నిమిషాలు. చిన్న ఫీటుతో మొదలై, కష్టం పెరుగుతూ, డ్రమ్ముల మోతతో చివరి పెద్ద ఫీటు, చేతులు చాపి నిలబడటం, చప్పట్లు, తరవాతి ఐటమ్. 1859లో పారిస్‌లో జూల్ లియొటార్ అనే యువకుడు ఒక ట్రాపీజ్ (రెండు తాళ్ళకి వేలాడే అడ్డ కడ్డీ) నుంచి ఇంకో ట్రాపీజ్‌కి ఎగిరి చూపించాక జనం తల పైకెత్తి చూడటం అలవాటైంది గానీ, ఐటమ్‌ల వరుస మాత్రం మారలేదు.

ఈ పద్ధతిలో ఫీటుకీ ఫీటుకీ మధ్య ఉన్న సమయం ఎవరికీ అక్కరలేనిది. అప్పుడు ఊపిరి తీసుకుంటారు, తాడు సర్దుకుంటారు, చేతులకి పొడి రాసుకుంటారు. సమకాలీన సర్కస్ అంటే ఏమిటని నన్నడిగితే, ఆ పనికిరాని సమయాన్ని పట్టించుకోవడం మొదలుపెట్టిన సర్కస్ అంటాను.

వ్యవసాయ శాఖ నుంచి సాంస్కృతిక శాఖకి

1970ల్లో చాలాచోట్ల ఒకేసారి కదలిక వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పికిల్ ఫ్యామిలీ సర్కస్, మెల్‌బోర్న్‌లో 1978లో సర్కస్ ఆజ్ జంతువులు లేకుండా మొదలయ్యాయి. గుర్రం పోతే గుండ్రం అవసరమూ పోతుంది. అది అప్పటికి ఎవరూ గట్టిగా అనుకుని ఉండరు.

అసలు మలుపు మాత్రం ఫ్రాన్స్‌లో. అంతవరకు సర్కస్ విద్య కుటుంబాల్లో తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకి వచ్చేది. 1974లో పారిస్‌లో రెండు సర్కస్ బడులు తెరుచుకున్నాయి. ఆనీ ఫ్రాతెల్లినీ, పియెర్ ఎతె కలిసి ఒకటి పెట్టారు; అలెక్సీ గ్రూస్, సిల్వియా మోంఫోర్ కలిసి ఇంకొకటి. డబ్బు కట్టి ఎవరైనా నేర్చుకోవచ్చు. ఇక ప్రభుత్వం సంగతి చూస్తే నవ్వొస్తుంది: 1970ల చివరిదాకా అక్కడ సర్కస్ వ్యవసాయ మంత్రిత్వ శాఖ కింద ఉండేది. దాన్ని సాంస్కృతిక శాఖకి మార్చారు. 1985లో షాలోన్ పట్టణంలో జాతీయ సర్కస్ కళల కేంద్రాన్ని స్థాపించారు.

శాఖ మారితే ఏమవుతుంది, కాగితం మీద మార్పే కదా అనిపిస్తుంది. కానీ సాంస్కృతిక శాఖ గ్రాంటు ఇచ్చేటప్పుడు అడిగే ప్రశ్నలు వేరు. దీని దర్శకుడెవరు? ఇది చెప్పేదేమిటి? ప్రభుత్వ థియేటర్లలో ఎన్నిచోట్ల ఆడుతుంది? ఐటమ్‌ల వరుసకి ఈ ప్రశ్నలకి జవాబు లేదు. పైగా కొత్త బడుల్లో పిల్లలు పొద్దున ట్రాంపొలిన్ (మనిషిని పైకి ఎగరేసే బిగుతు వల), మధ్యాహ్నం నృత్యం, సాయంత్రం నటన నేర్చుకుంటున్నారు. సర్కస్ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు ‘నేనెందుకు పల్టీ కొట్టాలి’ అని అడగడు. వీళ్ళు అడిగారు.

1995లో షాలోన్ కేంద్రం నుంచి చదువు ముగించి వెళ్తున్న విద్యార్థుల ప్రదర్శనని జోసెఫ్ నాద్జ్ అనే నృత్య దర్శకుడికి అప్పగించారు. ‘ఊసరవెల్లి కేక’ అనే అర్థం వచ్చే పేరుతో వచ్చిన ఆ ప్రదర్శనలో ఐటమ్‌లు లేవు, ఫీటు ముగిశాక పోజు లేదు. ఒక మనిషి చేసేది ఇంకో మనిషి కదలికలోకి కలిసిపోతుంది. సమకాలీన సర్కస్ చరిత్ర చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడే గీత గీస్తారు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. కొత్త సర్కస్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1984లో కెనడాలోని క్యుబెక్‌లో పుట్టిన సర్క్ దు సొలేల్. జంతువుల్ని పెట్టుకోకుండా సర్కస్‌ని సంగీతంతో, దుస్తులతో, ఒక సన్నటి కథతో కుట్టిన ఘనత దానిదే. కానీ లోపల చూస్తే అవి ఇప్పటికీ ఐటమ్‌లే. ఒక్కోటి ఒక్కో శిఖరం. నృత్య థియేటర్లలో కనిపించే సర్కస్ దానికి దూరపు చుట్టం మాత్రమే. అక్కడ కోట్ల ఖర్చు, ఇక్కడ ఒక చెక్కబల్ల, ఆరుగురు మనుషులు.

కప్పు ఎంత ఎత్తు ఉంటే అంత సర్కస్

ఈ విషయం మీద రాసేవాళ్ళు ఆలోచనల గురించి ఎక్కువ మాట్లాడతారు, భవనం గురించి తక్కువ. నాకైతే భవనమే ఎక్కువ పని చేసిందనిపిస్తుంది.

ఫ్లయింగ్ ట్రాపీజ్‌ని తీసుకోండి. దానికి ఎత్తూ కావాలి, పొడవూ కావాలి, కింద పెద్ద వల కావాలి. మామూలు థియేటర్ స్టేజీలో అంత చోటు దొరకదు. స్టేజీ పైన ఉండే రాడ్లు తెరలు, సెట్లు వేలాడదీయడానికి కట్టినవి. ఆ బరువు కదలకుండా ఉంటుంది. మనిషి ఊగితే లెక్క మారిపోతుంది. తాడుకి వేలాడుతూ నేలకి సమాంతరంగా ఉన్న స్థితి నుంచి ఊగుతూ కిందికొచ్చే మనిషి, అడుగు బిందువు దగ్గర తన బరువుకి మూడు రెట్ల బరువుతో తాడుని లాగుతుంది. 70 కిలోల మనిషి ఆ క్షణంలో 210 కిలోలు. పైనుంచి జారి ఠక్కున ఆగే ఫీట్లలో కుదుపు ఇంకా ఎక్కువ. తాళ్ళు, కొక్కేలు బిగించే రిగ్గింగ్ వాళ్ళు దానిమీద మళ్ళీ కొన్ని రెట్ల భద్రత కలుపుకుంటారు. అంత బరువు మోసే బిందువులు పాత థియేటర్లో ఉన్నాయా అన్నది ఇంజినీరు చూసి చెప్పాలి. చాలాసార్లు లేవనే చెబుతాడు.

నేల దగ్గరా గొడవే. నర్తకుల కోసం వేసే వినైల్ షీట్ అడుగు తగుమాత్రంగా జారాలి. చేతులు జారకుండా అక్రోబాట్లు రాసుకునే రోసిన్ అనే చెట్టు బంక పొడి దాని మీద పడితే జిగురు పట్టుకుంటుంది. సోమవారం సర్కస్, బుధవారం బాలే ఉన్న హాల్లో మంగళవారం ఎవరో నేలంతా తుడుస్తూ ఉంటారు.

అందుకే స్టేజీకి సరిపోయే విద్యలే బాగా పెరిగాయి. ఒకరి మీద ఒకరు నిలబడటం, నిలువుగా పాతిన చైనీస్ పోల్, పట్టీలకి చుట్టుకుని ఎగరడం, జగ్లింగ్ (బంతుల్లాంటివి వరసగా ఎగరేసి పట్టుకోవడం), మనిషి లోపల నిలబడి బొంగరంలా తిరిగే సిర్ వీల్. ఈ చక్రానికి ఇప్పటి రూపం ఇచ్చినవాడు క్యుబెక్ కళాకారుడు డానియెల్ సిర్. 2000ల మొదట్లో అది పేరులోకి వచ్చింది, ఇప్పుడు ప్రతి సర్కస్ బడిలోనూ ఉంది. సూట్‌కేసుల పక్కన వ్యాన్‌లో పట్టేస్తుంది, కప్పుకి వేలాడదీయక్కర్లేదు, ఏ స్టేజీ మీదైనా తిరుగుతుంది. ఇవి నిజానికి నృత్యానికి కూడా దగ్గరగా ఉండే విద్యలు. సర్కస్ నృత్యం వైపు ఎందుకు వాలింది అన్న ప్రశ్నకి సగం జవాబు ఇందులోనే ఉంది.

గుండ్రం పోవడం వల్ల ఇంకోటి కూడా జరిగింది. రింగ్‌లో కళాకారుడికి వీపు దాచుకునే చోటు లేదు. ఎటు తిరిగినా ఎవరో ఒకరు చూస్తుంటారు. స్టేజీ ఎదురుగా చూసే చిత్రం. వెలుగు ఎక్కడ పడాలో, ఏది చీకట్లో ఉండాలో దర్శకుడు నిర్ణయిస్తాడు. నాటకీయతకి అది లాభం. కానీ మోసం లేదన్న నమ్మకాన్ని రింగ్ ఊరికే ఇచ్చేది. స్టేజీ మీద దాన్ని సంపాదించుకోవాలి. మాంట్రియల్‌లో 2004లో సర్కస్ కోసమే కట్టిన తోహు గుండ్రంగా ఉంది. లండన్‌లో 1847లో రైలింజన్లు తిప్పడానికి కట్టిన రౌండ్‌హౌస్‌లో సర్కస్ అంత బాగా అమరడానికి కారణం కూడా ఆ గుండ్రమే.

గడియారం ఎవరిది?

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. నిలబడ్డ చోటు నుంచి 60 సెంటీమీటర్లు ఎగిరిన నర్తకుడు గాల్లో ఉండేది సుమారు 0.7 సెకన్లు. టీటర్‌బోర్డ్ (ఒక చివర దూకితే రెండో చివర ఉన్నవాళ్ళని ఎగరేసే బల్ల) మీద నుంచి 5 మీటర్లు ఎగిరిన అక్రోబాట్ ఉండేది సుమారు 2 సెకన్లు. ఎవరు ఎగిరినా, బరువెంతున్నా, సంగీతం ఏదైనా ఈ లెక్క మారదు. నృత్య దర్శకుడు ‘ఇక్కడ కొంచెం నెమ్మదిగా’ అంటే అక్రోబాట్ చేయగలిగింది ఏమీ లేదు. అంటే నృత్య దర్శకుడి చేతిలోని ముఖ్యమైన పనిముట్టు సర్కస్‌లోకి రాగానే సగం మొద్దుబారుతుంది.

దీనికి కళాకారులు కనుక్కున్న దారులు వేర్వేరు. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది జగ్లర్ల దారి. 1992లో షాన్ గాందీని, కాతి యులా-హొక్కల లండన్‌లో మొదలుపెట్టిన గాందీని జగ్లింగ్ బృందం భూమి తిప్పే ఆ గడియారంతో తగువు పెట్టుకోలేదు. దాన్నే తాళంగా వాడుకుంది. ఇందుకు వాళ్ళకి పనికొచ్చింది సైట్‌స్వాప్ అనే అంకెల లిపి. 1980ల్లో కాలిఫోర్నియాలో, కేంబ్రిడ్జ్‌లో కొందరు లెక్కల ఆసక్తి ఉన్న జగ్లర్లు ఎవరికి వాళ్ళే దీన్ని కనుక్కున్నారు. చేతులు వంతులవారీగా విసురుతుంటే, విసిరిన బంతిని మళ్ళీ ఎన్ని తాళపు దెబ్బల తరవాత విసురుతామో ఆ అంకె రాయాలి, అంతే. బేసి అంకె అయితే బంతి రెండో చేతికి వెళ్తుంది, సరి అంకె అయితే అదే చేతికి తిరిగొస్తుంది. 531 అని రాస్తే ఒకటి ఎత్తుకి, ఒకటి మామూలుగా, ఒకటి చేతి నుంచి చేతికి; మళ్ళీ మొదటికి. అంకెల సగటు ఎంతో అన్ని బంతులు కావాలి: 5, 3, 1 కలిపితే 9, మూడుతో భాగిస్తే 3. కానీ 543 ఆడలేరు. సగటు 4 చక్కగానే వస్తుంది, వరసగా విసిరిన మూడు బంతులూ మాత్రం ఒకే దెబ్బకి ఒకే చేతిలోకి దిగుతాయి.

తాళం లెక్క పెట్టే ఎవరికైనా ఇది పరిచయమున్న ఆలోచనే. అందుకే ఈ బృందం 2017లో భరతనాట్య నర్తకి సీతా పటేల్‌తో కలిసి ‘సిగ్మా’ అనే ప్రదర్శన చేసినప్పుడు అది అతికించినట్టు లేదు. ఒకరు పాదాలతో చెప్పే లెక్కని ఇంకొకరు గాల్లో బంతులతో చెబుతారు. అంతకు రెండేళ్ళ ముందు నలుగురు బాలే నర్తకులు, నలుగురు జగ్లర్లతో ఇంకోటి చేశారు. 2010 నాటి ‘స్మాష్డ్’లో తొమ్మిది మంది, ఎనభై ఆపిల్ పళ్ళు, పింగాణీ కప్పులు, జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్‌కి నివాళిగా చేసిన ఆ ప్రదర్శన పేరుకు తగ్గట్టే ముగుస్తుంది.

ఫ్రాన్స్‌కి చెందిన యొవాన్ బూర్జ్వా ఇంకో దారి పట్టాడు. పైకి విసిరిన ఏ వస్తువైనా దిగడం మొదలుపెట్టే ముందు ఒక రెప్పపాటు ఆగినట్టుంటుంది. ఆ రెప్పపాటే ఆయన పనికి కేంద్రం. మెట్ల మీద నుంచి వెల్లకిలా పడిపోయిన మనిషి ట్రాంపొలిన్ తాకి లేచి, ఏమీ జరగనట్టు అదే మెట్టు మీద నిలబడతాడు. పడటం తప్పదు కాబట్టి పడటాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తాడు. 2014లో చేసిన మరో ప్రదర్శనలో ఆరుగురు ఒక పెద్ద చెక్క వేదిక మీద నిలబడతారు. అది తిరుగుతుంది, ఒరుగుతుంది, ఊగుతుంది. వాళ్ళు చేసేదల్లా పడకుండా ఉండటమే, దాన్నుంచే నృత్యం పుడుతుంది. షాలోన్‌లో సర్కస్ చదివిన ఈయన 2016లో గ్రెనోబుల్‌లోని జాతీయ నృత్య కేంద్రానికి సహ డైరెక్టర్ అయ్యాడు.

క్లొయె మోగ్లియా పద్ధతి వీటికి పూర్తిగా ఎదురు. ఎత్తున ఒక కడ్డీకి చేతులతో వేలాడుతూ అతి నెమ్మదిగా కదులుతుంది. ఎగరకపోతే భూమికి గడియారం తిప్పే అవకాశం లేదు. అప్పుడు కాలాన్ని కొలిచేది చేతుల ఓపిక. ఏమీ జరగడం లేదనిపిస్తుంది, చూసేవాళ్ళ అరచేతులకి మాత్రం చెమట పడుతుంది.

ఇక కొంపనీ ఎక్స్‌వై. మనుషుల మీద మనుషులు నిలబడి మూడు, నాలుగు అంతస్తుల బురుజులు కట్టే బృందం ఇది. 2019లో పందొమ్మిది మందితో, మొదట్లో చెప్పిన ఉరామ్‌దాన్ సాయంతో ‘మోబియస్’ చేశారు. అందులో బురుజు ఎప్పుడు కట్టడం మొదలైందో కనిపెట్టడం కష్టం. గుంపుగా పరిగెడుతుంటారు, చూస్తుండగానే ఒకరు ఇంకొకరి భుజాల మీద ఉంటారు, అది ఒరిగి పడిపోతుంది, పట్టుకునే చేతులు అప్పటికే అక్కడ ఉంటాయి. మొదట్లో చెప్పిన పనికిరాని సమయమే ఇక్కడ ప్రదర్శనంతా.

అటు నుంచి వచ్చినవాళ్ళు

నృత్యం కూడా ఊరికే కూర్చోలేదు. 1917లోనే పారిస్‌లో బాలే రూస్ బృందం సంతలో గారడీవాళ్ళు, అక్రోబాట్లే పాత్రలుగా ‘పరాద్’ ఆడింది. 1942లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బాలే దర్శకుడు బాలాన్‌షీన్ ఏకంగా యాభై ఏనుగులకీ, యాభై మంది బాలే నర్తకీమణులకీ కలిపి నృత్యం కూర్చాడు; సంగీతం స్ట్రావిన్‌స్కీది. ఏనుగుల అభిప్రాయం ఎక్కడా నమోదు కాలేదు.

ఇవి సరదా సంగతులు. గట్టి మార్పు 1970ల్లో వచ్చింది. 1970లో నృత్య దర్శకురాలు ట్రిషా బ్రౌన్ న్యూయార్క్‌లో ఒక మనిషిని పట్టీలతో కట్టి భవనం గోడ మీద నుంచి కిందికి నడిపించింది. 1972లో నర్తకుడు స్టీవ్ పాక్స్‌టన్ మొదలుపెట్టిన కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్‌లో ఇద్దరు ఒకరి మీద ఒకరు బరువు వేస్తూ, జారుతూ, పడుతూ కదులుతారు. బాలే శతాబ్దాలుగా బరువే లేనట్టు కనిపించడానికి శ్రమపడింది. వీళ్ళు బరువుని దాచొద్దన్నారు. బరువుతో నిజంగా వ్యవహరించే సర్కస్ వాళ్ళు ఎదురుపడగానే మాట కలవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా మాట కలిసిన ప్రతిచోటా మంచి ప్రదర్శన రాదు. రెండు ఫీట్ల మధ్య చేతులు అలల్లా ఊపుతూ, దూరంగా చూస్తూ నేల మీద దొర్లే అక్రోబాట్లని చాలా చూడొచ్చు. అది నృత్యం పేరుతో ఊపిరి తీసుకోవడం, అంతకు మించి ఏమీ లేదు. దీనికి ఎదురు రకం కూడా ఉంది: కష్టమైన విద్య ఉన్న మనిషి, అది చూపిస్తే చవకబారుగా ఉంటుందేమోనన్న భయంతో గంటసేపు కుర్చీలో కూర్చుని ఆలోచిస్తూ ఉంటాడు. ఈ రెండో రకం నాకు మరీ విసుగు.

చప్పట్ల దగ్గర వచ్చే ఇబ్బంది కూడా ఇందులోదే. రింగ్‌లో పోజు చూసి జనం చప్పట్లు కొడతారు. నృత్య థియేటర్లో చివరిదాకా నిశ్శబ్దంగా ఉండటం మర్యాద. ఇలాంటి ప్రదర్శనలో నాలుగో మనిషి బురుజు మీద నిలబడగానే ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెడతారు, పక్కవాళ్ళు తిరిగి చూస్తారు, చప్పట్లు మధ్యలో చచ్చిపోతాయి. కొందరు దర్శకులు కాళ్ళు నేలకి తాకేలోపే తరవాతి కదలిక మొదలుపెట్టి ఆ సందు లేకుండా చేస్తారు. ఇంకొందరు హాయిగా కొట్టనిస్తారు. నవ్వు, ‘అమ్మో’, చప్పట్లు ఆపుకోలేక వచ్చేవి. వాటిని ఆపుకోమనడం అన్యాయం అన్నది నా పక్షం.

ఆ ‘అమ్మో’ ఊరికే రాదు. నృత్యంలో పడిపోవడం నటించొచ్చు. ఇక్కడ పడితే పడినట్టే. 2013లో లాస్ వేగాస్‌లో సర్క్ దు సొలేల్ ప్రదర్శన మధ్యలో వైరు తెగి ఒక కళాకారిణి కిందపడి మరణించింది. అన్ని హంగులూ ఉన్న బృందంలోనే అది జరిగింది. పాత సర్కస్ ఈ భయాన్ని వ్యాపారం చేసుకుంది: మొదటిసారి కావాలని తప్పి, రెండోసారి చేసి చూపించడం అందరికీ తెలిసిన కిటుకు. సమకాలీన సర్కస్ దాన్ని వదిలేసి, నిజంగా తప్పినప్పుడు ఏం చేయాలో ముందే కూర్చుకుంటుంది. బంతి జారితే తీయడం కూడా నృత్యంలో భాగమే.

ఇంకో తేడా ప్రేక్షకులకి అంతగా కనిపించదు. 1895లో పెటిపా, ఇవానోవ్ కూర్చిన ‘స్వాన్ లేక్’ బాలేని ఇప్పటికీ ఎక్కడెక్కడి బృందాలో ఆడుతున్నాయి, శిక్షణ ఉన్న నర్తకి ఎవరైనా ఆ పాత్ర నేర్చుకోవచ్చు. జగ్లింగ్ ప్రదర్శన కూడా కొంతవరకు అలా చేతులు మారగలదు, అంకెల్లో రాసుకునే వీలుంది కాబట్టి. ఒకరి చేతుల మీద ఒకరు నిలబడే జంట సంగతి వేరు. కింద మోసే మనిషి మణికట్టు ఎప్పుడు వణుకుతుందో పైన ఉన్న మనిషికి ఏళ్ళ తరబడి సాధనతో తెలిసి ఉంటుంది. అలాంటి ఇంకొకర్ని తేవాలంటే నెలలు పడుతుంది, ఒక్కోసారి కుదరదు. భుజం నొప్పితో ఒకరు తప్పుకుంటే ఆ ఫీటు పోతుంది, దాని ముందూ వెనకా ఉన్నవి మళ్ళీ సర్దుకుంటాయి. అదే పేరుతో రెండేళ్ళ తేడాతో రెండుసార్లు చూసినవాళ్ళు కొన్నిసార్లు రెండు వేర్వేరు ప్రదర్శనలు చూసి ఉంటారు.